సప్పుడు లేని ఊరు

జూన్ 10

చెవుల డాక్టరు ఇవాళ తేల్చి చెప్పాడు. మా ఆయన ఇక సాంచెల మధ్య, ఆ మరమగ్గాల మోతలో నిలబడటానికి వీల్లేదట. కుడి చెవి దాదాపు పోయింది. ఎడమ చెవినైనా కాపాడుకోవాలంటే కార్ఖానా మానాల్సిందే. "శాంతి జోయియే, పరమేశ్‌భాయ్" అన్నాడు. శాంతి కావాలని. ఆయన తల ఊపాడు గానీ ఒక్క ముక్క వినపడలేదని నాకు తెలుసు. బయటికొచ్చాక చెవి దగ్గర నోరు పెట్టి అంతా మళ్లీ నేనే చెప్పాను.

ఆటోలో ఉధ్నా దాటాక ఆయనే అన్నాడు.

"ఇగ ఊరికి పోదామా, సుమనా?"

ఈ మాట కోసం పెళ్లయిన నాటి నుంచి ఎదురుచూశాను. వేములవాడ దగ్గరి పల్లెలో పుట్టి, పంతొమ్మిదేళ్లకు సూరత్‌లోని ఈ నవాగామ్ గల్లీలోకి వచ్చి పడ్డాను. వచ్చిన రోజు గోడకు చెయ్యి ఆనిస్తే వణుకుతోంది. వెనక గల్లీలో మగ్గాల కార్ఖానా ఉందని అత్తమ్మ చెప్పింది. "ఈ గోడ ఎప్పుడు ఆగుతది అత్తమ్మా?" అని అడిగితే ఆమెకు ఒకటే నవ్వు.

నాకు ఈ సూరత్‌తో పెద్ద సంబంధమేమీ లేదు. ఉన్నదల్లా మెస్సు. మా ముందుగదిలో సాంచెల మీద పనిచేసే ఒంటరి మగవాళ్లు రెండు పూటలా తింటారు. ఎక్కువమంది మన కరీంనగర్ దిక్కువాళ్లే. ఈ మధ్య ఒడియా పిల్లలు కూడా అలవాటు పడ్డారు. మొదట్లో పచ్చిపులుసు చూసి ఇదేం నీళ్లు అన్నవాళ్లే ఇప్పుడు గిన్నె ఎత్తి తాగుతున్నారు. ఇక్కడ పుంటికూర దొరకదనుకునేదాన్ని. దిండోలి మార్కెట్లో ఒక మరాఠీ ఆమె అంబాడీ అని అమ్ముతుంది. నన్ను చూస్తే లేత కట్టలు సంచి కింద నుంచి తీస్తుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో. పోతున్నామన్న సంతోషంలో చెయ్యి ఆగడం లేదు.

జూన్ 11

అత్తమ్మకు ఇంకా చెప్పలేదు.

జూన్ 14

నరహరి బావ ఫోన్ చేశాడు. ఆయనకు అన్న, ఊళ్లోనే వ్యవసాయం. మామిడితోటలో రెండు గదులు కట్టించాడట, కరెంటు, బోరు అన్నీ ఉన్నాయట. "తోట చూసుకునేటందుకు బయటోన్ని పెట్టే బదులు తమ్ముడుంటే నాకే ధైర్యం. తోటల మనిషి సప్పుడు సుత ఉండది. చెవులకు మస్తు ఆరాం" అన్నాడు. అంత గట్టిగా అరిచి చెప్పాడు పాపం, తమ్ముడికి వినపడాలని. ఎదురింటివాళ్లకు కూడా వినపడింది.

సింధూజకు చెప్పాం. ఈ ఏడే పదో తరగతిలోకి వచ్చింది. "డాడీకి మంచిగైతదంటే ఓకే మమ్మీ. ముఝే క్యా" అంది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్లి చాలాసేపు ఉంది. నీళ్ల చప్పుడు మాత్రం రాలేదు.

జూన్ 15

అత్తమ్మ ఎగిరి గంతేస్తుందనుకున్నాం. పెద్ద వయసు మనిషి, చివరికి సొంత ఊరే కదా కావాలి. మేము పోయేది సగం ఆమె కోసమే అని కూడా అనుకున్నాం.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది.

"మంచిది. పోండ్రి" అంది.

"పోండ్రి అంటవేందే? నువ్వు సుత అస్తున్నవ్" అన్నాడు ఆయన. చెవులు పోతున్నప్పటి నుంచి చిన్నగా మాట్లాడటం రావడం లేదు ఆయనకు. గల్లీ అంతా తిరిగి చూసింది.

"నేను రాను."

"ఊరి మీద పాణం లేదా నీకు?"

"ఎందుకు లేదురా? పోయినప్పుడల్లా కడుపు నిండ చూసుకొని అస్తలేనా? గని ఆడ నాకేం పని? పొద్దుగాల లేచి ఎవలింటి ముందర కూసోవాలె? ఈడైతే ఎదురింటి కొత్త కోడలుకు ఆరో నెల, దాన్ని దవాఖానకు తీస్కపోవాలె. మెస్సుల తినే సాంబయ్యకు సుగరు, అన్నం తక్కువేసి రొట్టె పెట్టాలె. నాకు దినం సాల్తలేదు."

"ఒక్కదానివి ఎట్లుంటవ్?"

"ఎవలు జెప్పిన్రు ఒక్కదాన్నని?" చిక్కుడుకాయల గిన్నె నా ముందుకు తోసింది. "ఒక్కటి జెప్తున్న, మంచిగ ఇనుండ్రి. ముసల్దాని కోసం పోతున్నమని ఎవ్వలు అనొద్దు. మీకు పోబుద్ధయితే మీరు పోండ్రి. మీ కోసం మీరు పోండ్రి."

ఎంత మొండిదో! కోపం వచ్చింది. ఇప్పుడు రాస్తుంటే అంత కోపం లేదు. మామ పోయినప్పుడు ఈయనకు పన్నెండేళ్లట. అందరూ ఊరికి వెళ్లిపొమ్మంటే పోలేదు. కార్ఖానాలో దారం కండెలు చుట్టి ఈయనను పెంచింది. బస్సుల్లో హిందీ నేర్చుకుంది. ఆమె గుజరాతీ వింటే గుజరాతీవాళ్లు నవ్వుతారు, నవ్వుతూనే పని చేసిపెడతారు. రేషన్ దుకాణం దగ్గర, దవాఖాన దగ్గర, స్కూలు దగ్గర, ఎక్కడికెళ్లినా "చిన్నవ్వా మాసీ" అని పిలిచేవాళ్లు ఒకరైనా ఉంటారు.

నాకు అంత ధైర్యం రాదు. నేను ఊరి మనిషిని.

జూన్ 16

ఆయన చెవుల కోసమే పోతున్నాం. ఇది నేను మర్చిపోకూడదు.

జూన్ 27

సాంబయ్య మామ పోయాడు.

నిన్న మధ్యాహ్నం అన్నానికి రాలేదు. షుగరు మనిషి, పూట తప్పడు. అత్తమ్మ రొట్టెలు మూటకట్టుకొని ఆయన గదికి వెళ్లింది. తలుపు తోసి చూసి, ఒక్క కేక వేసింది. నిద్రలోనే పోయాడని డాక్టరు చెప్పాడు.

సాంబయ్య మామ, మా మామ ఒకే రైలులో సూరత్ వచ్చినవాళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఊళ్లో ఉన్నది అక్క కొడుకు ఒక్కడే. ఫోన్ చేస్తే పాపం ఏడ్చాడు గానీ, ఆస్పత్రిలో భార్యను పెట్టుకొని ఉన్నాడట. "నేను అచ్చేసరికి రెండు దినాలైతది. అక్కడనే కానియ్యుండ్రి. నన్నేమనుకోకుండ్రి" అన్నాడు.

కానియ్యడమంటే ఎట్లా? కుండ ఎవరు పట్టాలి? మెస్సులో తినే పిల్లలందరికీ తండ్రులు బతికే ఉన్నారు. తండ్రి ఉన్నవాడు పట్టకూడదన్నారు. మా ఆయన పడతానన్నాడు గానీ, ఇంట్లో శుభకార్యం చేసి ఏడాది కాలేదని ఒక పెద్దమనిషి అడ్డం చెప్పాడు. సింధూజ ఓణీల ఫంక్షన్ గురించి. గల్లీలో మగవాళ్లంతా తలా ఒక మాట అంటున్నారు. శవం అరుగు మీద ఉంది. చినుకులు మొదలయ్యాయి.

అత్తమ్మ లోపలికి వెళ్లి ముఖం కడుక్కొని, కొంగు నడుముకు దోపుకొని వచ్చింది.

"జరగండ్రి. కుండ నేను వట్టుకుంట."

"ఆడోళ్లు శ్మశానానికి రావొద్దు చిన్నవ్వా."

"ఆడోళ్లు వండితె తినచ్చు, రోగమొస్తె ఒళ్లు కడగచ్చు, కొరివి పెట్టద్దా? నా పెనిమిటి పోయిన నాడు ఈ సాంబయ్య దినాలైనదాంక నా గడప దిగలే. ఇయ్యాల నేను ఇంట్ల కూసుంటనా? లేపుండ్రి. వాన పెద్దగైతది."

తర్వాత ఏం జరిగిందో చూస్తే నాకే ఆశ్చర్యం. ఒడియా పిల్లలు పాడె ఎత్తారు. అందులో ఇద్దరు రాత్రి డ్యూటీ చేసి నిద్రపోకుండా వచ్చినవాళ్లు. మా గల్లీ మరాఠీ కాకా, తన కొత్త ఇంటికి తెచ్చుకున్న వెదుళ్లు పాడె కోసం ముందే ఇచ్చేశాడు. మలుపు దగ్గరి చాయ్‌వాలా ఎప్పుడూ దుకాణం మూయడు, ఇవాళ మూసి వెంట నడిచాడు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఎవరో ఒక గుజరాతీ పెద్దాయన స్కూటర్ ఆపి, చెప్పులు విడిచి, తల వంచి నిలబడ్డాడు. ఎవరి శవమో ఆయనకేం తెలుసు?

అత్తమ్మ ముందు నడుస్తోంది, చేతిలో నిప్పుకుండ. వాన. నిప్పు ఆరిపోకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కూడా తాపీ నది ఒడ్డు దాకా వెళ్లాను. శ్మశానానికి నేను వెళ్లడం ఇదే మొదలు. ఆమె వెళ్తుంటే నేను ఇంట్లో ఎట్లా ఉండాలి?

ఇంటికొచ్చి తలస్నానం చేసి, అత్తమ్మ చేసిన మొదటి పని పొయ్యి వెలిగించడం. "పొల్లగాండ్లు పొద్దటి సంది తినలేదు" అంది. అప్పుడు ఏడ్చింది, పప్పు కడుగుతూ.

ఇటువంటి మనిషి ఇంట్లో నేను కోడలిని. ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తోంది. ఇక్కడ రాసుకుంటున్నాను.

జూలై 5

అత్తమ్మ చెప్పినట్టే నిర్ణయించాం. ముందు మేమిద్దరం వెళ్లి కొన్నాళ్లు ఉండి చూస్తాం. బడి పోకుండా సింధూజ నాయినమ్మ దగ్గర ఉంటుంది. నచ్చితే దసరా సెలవుల్లో వచ్చి సామాను తీసుకెళ్తాం.

నచ్చకపోవడం ఏముంటుంది.

జూలై 9

రామగుండంలో దిగి, రెండు బస్సులు మారి వచ్చాం. తోట ఎంత బాగుంది! వాన పడి ఆకులు కడిగినట్టున్నాయి. మట్టి వాసన. మధ్యాహ్నం గాలి కూడా పడుకున్నట్టుంది. నరహరి బావ గదులకు కొత్తగా సున్నం వేయించాడు. అక్క ప్రసన్న, అంటే బావ భార్య, సజ్జరొట్టెలు, వెల్లుల్లికారం తెచ్చింది. నన్ను పట్టుకొని, "ఇగ నాకు తోడు దొరికింది" అని కళ్లు తుడుచుకుంది.

గోడకు చెయ్యి ఆనించి చూశాను. కదలలేదు.

జూలై 12

బాగుంది.

జూలై 13

అన్నం చాలా మిగిలింది. ఇద్దరికే వండటం చేతకావడం లేదు. పెద్ద గిన్నె అలవాటు. రేపటి నుంచి చిన్న గిన్నె పెట్టుకోవాలి.

జూలై 16

ఇక్కడ బాగుంది. ఆయనకు కూడా నచ్చింది. పొద్దున లేచింది మొదలు బోరు మోటర్ దగ్గర కూర్చుంటున్నాడు. బావ వరినాట్లకు నీళ్లు పెట్టేది ఆ మోటరుతోనే. ఆ గుయ్యిమనే మోతలో ఎట్లా కూర్చుంటావని అడిగితే, "నీళ్లు పారుతుంటే చూడబుద్ధయితది" అన్నాడు. సూరత్‌లో ఇన్ని నీళ్లు ఎప్పుడు చూశాడు పాపం.

మంచం కూడా అటువైపే వేసుకున్నాడు. మోటరుకు గోడ ఒక్కటే అడ్డం.

జూలై 19

నాట్లకు వచ్చిన ఆడవాళ్లతో కలిసి నేనూ పొలంలోకి దిగాను. చేతులు మర్చిపోలేదు. వాళ్లు పాట ఎత్తుకుంటే గొంతు కూడా కలిపాను. ఎంతో హాయిగా ఉంది. ఒడ్డు మీద అన్నాలు తింటున్నప్పుడు వెంకటవ్వ అనే పెద్దామె ప్రేమగా అడిగింది. "మళ్ల ఎప్పుడు పోతరు బిడ్డా మీ ఊరికి?"

"ఇదే మా ఊరు కదా అవ్వా" అన్నాను.

"అయ్యో, నువ్వు సూరత్తోళ్ల కోడలివి కాదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందులో తప్పేముంది. అక్కడ మమ్మల్ని తెలంగాణవాళ్లంటారు, ఇక్కడ సూరత్తోళ్లు అంటారు. పేరే కదా.

జూలై 20

వీడియో కాల్ చేశాను. సింధూజ తీసింది, వెనక ముందుగది అంతా మనుషులు. అత్తమ్మ కనబడలేదు, గొంతు మాత్రం వినబడింది. ఒడియా పిల్లవాణ్ణి హిందీలో తిడుతోంది, మజ్జిగ వద్దన్నాడని. "మమ్మీ, తర్వాత చేస్త, నాయినమ్మ పిలుస్తున్నది" అని పెట్టేసింది.

తర్వాత చేయలేదు. పనిలో ఉంటారు. నేను మూడుసార్లు ఫోన్ చూసుకున్నాను, చార్జింగ్ ఉందో లేదో అని.

జూలై 23

ఆయన సాయంత్రాలు బస్టాండుకు వెళ్లి కూర్చుంటున్నాడు. బస్సులు, ట్రాక్టర్లు వచ్చి పోతుంటాయి. మనుషులను చూడాలని ఉంటుంది కదా ఎవరికైనా.

కళ్ల కింద నల్లబడింది. ఊరి ఎండ.

జూలై 26

కరెంటు లేదు. నిన్న ఉరుముకు ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. కొత్తది రావడానికి టైం పడుతుందట. ఆయన అన్నం తినలేదు.

జూలై 27

ఇది పూర్తిగా రాయాలి.

మధ్యాహ్నం నేను ఎండుపుల్లలు ఏరుకొని వస్తున్నాను. గాలి లేదు, పిట్ట లేదు. మోటర్ మొన్నటి నుంచి నడవలేదు. ఆ చెట్ల మధ్య ఆయన ఒక్కడే గిరగిరా తిరుగుతున్నాడు. రెండు అరచేతులూ చెవుల మీద ఉన్నాయి. దగ్గరికి వెళ్లి భుజం పట్టుకున్నాను.

"ఏమైందయ్యా?"

"ఆపు సుమనా. జర వాటిని ఆపు."

"వేటిని?"

"సాంచెలను."

మతి తప్పిందేమో అనుకున్నాను. చెట్టు కింద కూర్చోబెట్టి నీళ్లు తాగించాను. అప్పుడు చెప్పాడు. నేను ఆయన ఏడవడం చూసింది మామ తద్దినం నాడు ఒక్కసారి, మళ్లీ ఇవాళ.

"నా చెవుల్ల సాంచెలు నడుస్తున్నయ్. రాత్రి లేదు, పగలు లేదు. సూరత్ల ఉన్నప్పుడు బయటి మోతల కలిసిపోయేటియి, పెద్దగ తెలిసేది కాదు. ఈడ సప్పుడే లేదు. సప్పుడు లేకుంటె అవే ఇనవడుతయ్. అచ్చిన దినం సంది నిద్ర లేదు నాకు. మోటర్ నడిస్తెనే జర నయం. మొన్నటి సంది అది సుత బందైంది."

"మరి డాక్టరుకు ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఏమంటడో. ఊరికి వద్దంటడేమో అని."

"వద్దంటే వద్దు! ఊరు ఎవరికి కావాలె?"

"నీకు." నా వైపు చూడలేదు. "పెండ్లైన కాడి నుంచి అడుగుతున్నవ్. ఊరికెప్పుడు పోతం, ఊరికెప్పుడు పోతం అని. నాకు ఇన్నేండ్లల్ల కార్ఖానా దప్ప ఇంకోటి తెల్వకపాయె. నిన్ను ఒక్కనాడన్న నీకు నచ్చిన కాడికి తీస్కపోయిన్నా? ఇదొక్కటన్న చేద్దామనుకున్న."

నిద్రలేకుండా ఇన్నాళ్లు ఆ మోత భరించాడు. నా కోసం. పొద్దున నాకు ముఖం నవ్వుతూ చూపించాడు, నీళ్లు చూడబుద్ధయితది అన్నాడు. నేను ఎండకు నల్లబడ్డాడని రాసుకున్నాను.

"నేను నీ చెవుల కోసం అచ్చిన" అన్నాను. "నాకు ఈడ... నాకు ఈడ ఇద్దరికి అన్నం వండుడు అస్తలేదయ్యా."

ఆయన నా పెదాలను చూసి అర్థం చేసుకున్నాడు. తర్వాత ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం, ఏడుస్తూనే. ప్రసన్నక్క గంప పట్టుకొని వచ్చి మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా మా పక్కన కూర్చుంది. గంప కింద పెట్టి అంది. "మీరు అచ్చిన రెండో దినమే నాకు అర్థమైంది చెల్లే. సూట్కేసు ఇప్పకుంట మంచం కింద పెట్టుకున్నవ్."

నేను చూసుకోలేదు. నిజమే. బట్టలు అందులో నుంచే తీసి, ఉతికి, అందులోనే పెడుతున్నాను.

జూలై 29

కరీంనగర్‌లో చెవుల డాక్టరమ్మకు ఈసారి అన్నీ చెప్పాడు. చెవి దెబ్బతిన్నవాళ్లకు అట్లా మోత రావడం ఉంటుందట, పిచ్చి కాదట. ఆ మాట వినగానే ఆయన ముఖం తేటపడింది. కార్ఖానా మాత్రం వద్దే వద్దు, కానీ బొత్తిగా చప్పుడు లేని చోటు కూడా వద్దంది. మనుషుల మాటలు, ఫ్యాను, పాటలు, ఏదో ఒక చిన్న సద్దు ఉండాలట. ఎడమ చెవికి మిషన్ పెట్టుకోమంది.

బయటికొచ్చాక ఆయన అన్నాడు, "అంటే మన మెస్సే."

జూలై 31

నరహరి బావకు చెప్పడానికి భయపడ్డాం. సున్నం వేయించాడు, ఊరంతా తమ్ముడు వస్తున్నాడని చెప్పుకున్నాడు. విని గడ్డం గోక్కున్నాడు. తర్వాత తమ్ముడి ఎడమ చెవి దగ్గరికి జరిగి, అరవకుండా, మెల్లగా చెప్పాడు.

"నేను సుత నా కోసమే పిలిచిన్రా. అమ్మ నిన్ను పట్టుకొని ఆడ ఉండె, నన్ను తాత దగ్గర ఈడ ఉంచె. ఒక్క ఇంట్ల ఉన్నది తక్కువ మనం. ముసలితనంలనన్న ఉందామనుకున్న." తమ్ముడి భుజం తట్టి, "పోండ్రి. ఎండకాలం కాయలు తెంపే యాళ్లకు రాండ్రి. ఆ గదులు ఎవ్వలకు ఇయ్య" అన్నాడు.

ఇన్నాళ్లూ బావను గట్టిగా మాట్లాడే మనిషిగానే చూశాను.

ఆగస్టు 4

సూరత్ స్టేషన్‌లో దిగగానే ఆ రద్దీ, ఆ హారన్లు. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి కళ్లు మూసుకున్నాడు. హాయిగా ఉన్నవాడి ముఖం అది. ఆటోవాలా నవాగామ్‌కు ఎక్కువ అడిగితే నేను గుజరాతీలో పోట్లాడాను. పోట్లాడుతుంటే ఎంత బాగుందో.

ఇంట్లో అత్తమ్మ ఆశ్చర్యపోలేదు. బియ్యం కొలుస్తూ, "అచ్చిన్రా? కాళ్లు కడుక్కోండ్రి" అంది, బజారుకు పోయి వచ్చినవాళ్లతో అన్నట్టు. సింధూజ మాత్రం వాళ్ల నాన్నను చుట్టేసుకొని వదల్లేదు.

తిన్నాక నేనే అడిగాను. "నీకు ముందుగాలనే తెలుసా అత్తమ్మా?"

"ఏం తెలుసు? నాకేమన్న శాస్త్రమొస్తదా?" అంది. "గని ఒక్కటి తెలుసు. వాడు నీ కోసమంటడు, నువ్వు వాని కోసమంటవ్. ఇద్దరు గలిసి నా కోసమంటరు. నేను సుత సరే అంటె, ఎవలకు ఏం గావాల్నో ఎవలకు తెల్వకుంటనే సామాను లారీ ఎక్కుతుండె. పిల్ల సదువు పోతుండె. అందుకే నేను రానన్న. ఒక్కలన్న నిజం జెప్పాలె గదా ఇంట్ల."

"నిజంగానే ఒక్కదానివే ఉంటుంటివా?"

"ఉంటుంటి." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఏడ్చుకుంట ఉంటుంటి. గని ఉంటుంటి."

సెప్టెంబర్ 14

రాయడానికి తీరిక లేదు. కార్ఖానా పూర్తిగా మానేశాడు ఆయన. పొద్దున్నే మండీకి వెళ్లి కూరగాయలు తెస్తాడు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు సైకిల్ మీద మిల్లుల గేట్ల దాకా ఇచ్చి వస్తాడు. లోపలికి పోడు. మొదటి వారం పాత దోస్తులు "పరమేశ్ పెండ్లాం కింద నౌకరీ చేస్తున్నడు" అని నవ్వారట. ఇంటికొచ్చి ఆయనే చెప్పాడు.

"నువ్వేమన్నవ్?"

"సేఠ్ కంటె మంచిది, కూర బాగ వండుతది అన్న."

చెవి మిషన్ అలవాటవుతోంది. చపాతీ పిండి పిసకడం కూడా నేర్చుకున్నాడు. బాగా పిసుకుతాడు, చపాతీలు నాకంటే మెత్తగా వస్తాయి. ఈ మాట ఆయనకు చెప్పలేదు.

ఎదురింటి కోడలికి ఆడపిల్ల. ఆస్పత్రిలో మొదట ఎత్తుకున్నది అత్తమ్మే.

అక్టోబర్ 26

దీపావళికి కార్ఖానాలన్నీ మూశారు. మెస్సు పిల్లలు ఊళ్లకు వెళ్లారు. గల్లీలో చప్పుడు తగ్గగానే ఆయన మళ్లీ చెవి రుద్దుకోవడం మొదలుపెట్టాడు. అత్తమ్మ చూసింది. "లేవుండ్రి, సముద్రం కాడికి పోదాం" అంది. ఇన్నేళ్లలో అందరం కలిసి డుమస్ వెళ్లడం ఇదే మొదటిసారి.

నల్లటి ఇసుక, పెద్ద పెద్ద అలలు. ఆదివారం, జనం. సింధూజ మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి అరుస్తోంది. అత్తమ్మ చెప్పులు చేతిలో పట్టుకొని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా వెనక్కి పరుగు. నిప్పుకుండ పట్టి వానలో నడిచిన మనిషి అల అంటే భయపడటం చూసి నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆయన ఇసుకలో కూర్చొని చెవి మిషన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. నీళ్లు పడతాయని కాబోలు అనుకున్నాను. కాసేపటికి నా చెయ్యి పట్టుకున్నాడు.

"సుమనా. ఆగినయ్."

"ఏంది?"

"సాంచెలు. ఈ సముద్రం మోతల ఒక్కటి సుత ఇనవడ్తలేదు." అంటూనే వెనక్కి వాలాడు. అంత జనంలో, పిల్లల అరుపుల్లో, పట్టపగలు నిద్రపోయాడు. నోరు తెరిచి నిద్రపోయాడు. లేపబుద్ధి కాలేదు. కొంగుతో ముఖానికి నీడ పట్టాను.

చాలాసేపటికి లేచాడు. టమాటా భజియా బండి దగ్గరికి వెళ్లాం. ప్లేట్లు అందిస్తూ బండి అతను ఆయన వైపు చూసి, మాట్లాడేది వేరే భాష అని గుర్తుపట్టి, ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. "కహా సే ఆయే హో, భాయ్?"

మిషన్ ఇంకా జేబులోనే ఉంది. వినపడి ఉండదు. ఎప్పటిలాగే నేను జవాబు చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, అతని పెదాల వైపు చూసినవాడల్లా నవ్వి, తన పెద్ద గొంతుతో బీచ్ అంతా వినేలా చెప్పాడు.

"యహీ కే హై. నవాగామ్."